సన్యాసి నవ్వు

పదకొండింటికి గుర్రాన్ని తీసుకుపోవడానికి లారీ వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి అల్లుణ్ణి జడ్జి ముందు నిలబెడతారు. లాయం ఆఫీసు గోడ మీద గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది.

డిటెక్టివ్ ఆ మూడు సమయాలూ జేబు పుస్తకంలో రాసుకుని కింద గీత గీశాడు. పోలీసు డిపార్ట్‌మెంటులో ఉన్నప్పటి అలవాటది. ఉద్యోగం పోయింది, కుడి మోకాలు పోయింది, పెళ్ళాం పోయింది. అలవాటు మాత్రం పోలేదు.

ఎదురుగా కూర్చున్న అమ్మాయి చనిపోయిన లాయం మేస్త్రి కూతురు. గురువారం పొద్దున తండ్రి పోయాడు. శుక్రవారం సాయంత్రం ఆ తండ్రిని చంపాడని మొగుణ్ణి పట్టుకెళ్ళారు. ఏడవడానికి కూడా ఎవరి కోసం ముందు ఏడవాలో తెలియని స్థితిలో, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, అడిగినదానికి జవాబు చెబుతోంది.

జరిగింది ఇంతవరకూ స్పష్టంగానే ఉంది. మేస్త్రి గురువారం ఆరూ అయిదుకి ఏడో గదిలోకి వెళ్ళాడు. ఆరున్నరకి గడ్డి పరిచేవాడు వెళ్ళి చూస్తే ఎముకలు విరిగి, ఛాతీ మీద నాడా గుర్తుతో పడి ఉన్నాడు. అల్లుడు గుర్రాలకి నాడాలు కొట్టేవాడు. ఆరూ ఇరవై అయిదుకి పనిముట్ల సంచీ భుజాన వేసుకుని అతను గేటు దాటడం కాపలావాడు చూశాడు. అంతకు ముందురోజు సాయంత్రం మామా అల్లుళ్ళు లాయం నడిబొడ్డున అరుచుకోవడం అందరూ విన్నారు. ఏడో గదిలో ఉన్న గుర్రమేమో విత్తులు తీసేసిన గుర్రం. ఎనిమిదేళ్ళ పిల్లలు కూడా ఎక్కి తిరిగే రకం. దాని సాధుత్వం చూసే లాయంలో దానికి సన్యాసి అని పేరు పెట్టారు. అలాంటి గుర్రం మనిషిని చంపదు కాబట్టి, నాడా చేత్తో పట్టుకుని కొట్టినవాడే చంపాడని ఇన్‌స్పెక్టర్ తేల్చేశాడు.

ఆ ఇన్‌స్పెక్టర్ మన డిటెక్టివ్‌కి స్వయానా బావమరిది.

"ఏం గొడవ పడ్డారు వాళ్ళిద్దరూ?" అని అడిగాడు డిటెక్టివ్.

గొడవ ఆ గుర్రం గురించేనట. నాడా కొట్టబోతే రెండుసార్లు తన్నింది, ఇది సన్యాసీ కాదు, పాడూ కాదు, దీనికి ఎక్కడో విత్తు మిగిలింది అని అల్లుడు నెలరోజులుగా మొత్తుకుంటున్నాడు. మేస్త్రికీ అనుమానం వచ్చింది. కొత్తగా వచ్చిన పశువుల డాక్టరమ్మతో రక్తం తీయించి పరీక్షకి పంపించాడు. సోమవారం కాగితం వచ్చింది, విత్తు లేదని. ఇక అప్పటినుంచీ అల్లుణ్ణి నలుగురిలో ఆడిపోసుకోవడం మొదలుపెట్టాడు మేస్త్రి. ముప్ఫై ఏళ్ళు గుర్రాల మధ్య బతికిన మనిషికి అంతమాత్రం పెద్దరికం ఉంటుంది.

"గురువారం పొద్దున మీ నాన్న దగ్గర ఏమేం దొరికాయి?"

ఆ అమ్మాయి పోలీసులిచ్చిన కవరు బల్ల మీద గుమ్మరించింది. తాళంచెవుల గుత్తి, జేబురుమాలు, ఒక కన్ను పగిలిన కళ్ళజోడు. డిటెక్టివ్ కళ్ళజోడు ఎత్తి, దానిలోంచి గడియారం వైపు చూశాడు. ఏమీ కనిపించలేదు. తన అరచేతి వైపు చూసుకున్నాడు. గీతలన్నీ లావుగా కనిపించాయి.

"ఇది దగ్గర చూపు కోసం కదా?"

"పేపరు చదవడానికి సార్. లాయంలోకి ఎప్పుడూ తీసుకెళ్ళడు. దుమ్ము పడుతుందని ఇంట్లో పెట్టె మీదే ఉంచుతాడు."

"గదిలో కాగితం ఏదైనా దొరికిందా?"

ఏమీ దొరకలేదంది. తెల్లారేసరికి గుర్రం గదిలోకి చదివే కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళాడు, చదవడానికి కాగితం లేదు. మరి ఆ మనిషి దేన్ని అంత దగ్గరగా చూశాడు? ఇన్‌స్పెక్టర్‌కి ఈ ప్రశ్న తట్టలేదా అంటే, తట్టి ఉండదు. చిన్నప్పటినుంచీ అంతే, లెక్కకి జవాబు పుస్తకం వెనక చూసి రాసే రకం.

*

ఏడో గది ఎనిమిది అడుగుల ఇనప చువ్వల తడికతో ఎనిమిదో గదికి ఆనుకుని ఉంది. ఆ చువ్వల మీద, మనిషి భుజమెత్తున, రంగు పోయి ఇనుము మెరుస్తోంది. పళ్ళతో కొరికిన గుర్తులు. పాతవి తుప్పు పట్టి ఉంటాయి, ఇవి కొత్తవి. గదికి మిగతా మూడు వైపులా ఎక్కడా ఒక్క గాటు లేదు.

సన్యాసి జేగురు రంగులో, నుదుట తెల్లచుక్కతో ఉంది. డిటెక్టివ్ లోపలికి తొంగిచూడగానే ఎనిమిదో గది వైపు మెడ సాచి, పై పెదవి పైకెత్తి, పళ్ళన్నీ బయటపెట్టింది.

"నవ్వుతున్నాడు," అంది వెనకనుంచి లాయం యజమానురాలు. "పిల్లలకి అదంటే ప్రాణం. ఫొటోలు తీసుకుంటారు."

ఆవిడకి యాభై ఉంటాయి. ఇస్త్రీ నలగని చొక్కా, మోకాళ్ళదాకా బూట్లు. సంతాపం ముఖానికి ఎంత కావాలో కొలిచి పెట్టుకున్నట్టుంది. ఎనిమిదో గది ఖాళీగా ఉందేమని డిటెక్టివ్ అడిగాడు. అక్కడి గుర్రాన్ని నిన్న పన్నెండుకి మార్చామంది. అంతకు ముందు ఎక్కడుండేదంటే, పన్నెండులోనే అంది. మరి మధ్యలో ఇక్కడికెందుకు వచ్చిందంటే, పన్నెండులో కప్పు కారుతోందంది. వానపడి నెల దాటింది. ఆ మాట డిటెక్టివ్ పైకి అనలేదు, గోడ మీద వేలాడుతున్న పలక చూశాడు. ఏ గదిలో ఏ గుర్రమో రోజూ సుద్దతో రాసే పలక అది. బుధవారం సాయంత్రం, ఎనిమిది, తెల్ల ఆడగుర్రం. మిగతా వరసలన్నీ మేస్త్రి వంకర రాత. ఆ ఒక్క వరసా గుండ్రంగా, చదువుకున్న చేతిరాతలో ఉంది.

యజమానురాలు ఫోన్ వచ్చిందని వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళిన దారినే డాక్టరమ్మ వచ్చింది. ఉద్యోగంలో చేరి అయిదు వారాలు. తను సంతకం పెట్టిన కాగితం ఆధారంగా ఒక మనిషిని లోపలేశారని తెలిసినప్పటినుంచీ నిద్రపోలేదని ఆమె కళ్ళే చెబుతున్నాయి.

"ఆ నవ్వు నవ్వు కాదండీ," అంది చువ్వల దగ్గర నిలబడి. "ఆడగుర్రం ఎదకొస్తే ఆ వాసన పట్టడానికి అలా పెదవి ఎత్తుతాయి. విత్తులు తీసినవీ ఒక్కోసారి చేస్తాయి. అదొక్కటే రుజువు కాదు."

"ఏది రుజువు?"

ఆమె గుర్రం పక్కన వంగి, తొడల మధ్యన చేత్తో తడిమి చూపించింది. రెండు పక్కలా రెండు పాత గాట్లు. రెండు గాట్లుంటే రెండు విత్తులూ తీసినట్టే కదా అని డిటెక్టివ్ అన్నాడు. కాదంది. కొన్ని గుర్రాలకి ఒక విత్తు కిందికి దిగదు, కడుపులోనే ఉండిపోతుంది. కోసేవాడికి ఒకటి దొరుకుతుంది, రెండోది దొరకదు. నిజాయితీ ఉన్నవాడైతే ఆ మాట చెప్పి పెద్ద ఆపరేషనుకి పంపిస్తాడు. లేనివాడు రెండో పక్క కూడా ఒక గాటు పెట్టి కుట్టేస్తాడు. బయటికి సన్యాసి, లోపల సంసారి.

"ఆ లోపలున్నదానికి పిల్లల్ని పుట్టించే శక్తి ఉండదండీ, కడుపు వేడికి అది చచ్చిపోతుంది. కానీ పొగరంతా ఉంటుంది. మగగుర్రం చేసేవన్నీ చేస్తుంది."

ఆమె గజ్జల్లో రెండు పక్కలా వేళ్ళు లోతుగా పెట్టి వెతికింది. ఏమీ తగల్లేదు. చేతికి అందనంతమాత్రాన లేదని కాదు, ఇంకా పైన ఉండొచ్చు, అందుకే రక్తం చూడాలంది.

"చూశారుగా. లేదని వచ్చింది."

ఆమె తల వంచుకుంది. డిటెక్టివ్ గొంతు తగ్గించి, ఆ రోజు రక్తం ఎలా తీసిందో ఒక్కొక్క అడుగూ చెప్పమన్నాడు. పదకొండు రోజుల కిందట పొద్దున ఏడింటికి వచ్చింది. మేస్త్రి లేడు, దాణా లోడు తేవడానికి పంపించామన్నారు. గుర్రాన్ని యజమానురాలే స్వయంగా పట్టుకుంది. మెడ ఎడమ పక్క నరం మీద అగ్గిపెట్టంత మేర బ్లేడుతో గొరిగి, మందు రాసి, సూది గుచ్చింది. గొరగకుండా సూది గుచ్చితే ఆమె గురువుగారు చెయ్యి విరిచేవాడట, అందుకని ఇప్పటికీ గొరక్కుండా సూది ముట్టుకోదట.

డిటెక్టివ్ మేస్త్రి కళ్ళజోడు జేబులోంచి తీసి, పగలని కంటితో సన్యాసి మెడ మీదకి వంగాడు. జూలు పక్కకి తోసి, దవడ కింది నుంచి భుజం దాకా అంగుళం అంగుళం చూశాడు. ఎక్కడా వెంట్రుక తెగలేదు. నున్నగా, ఒకే పొడుగున, పెరిగినవి పెరిగినట్టే ఉన్నాయి.

"మీరు ఏ గుర్రానికి రక్తం తీశారు డాక్టరమ్మా?"

"ఏడో నంబరుకే. తలుపు మీద పేరు పలక చూసుకునే..." ఆమె వరసలోని గదులన్నీ తొంగిచూస్తూ నడిచింది.

నాలుగో గదిలో ఇంకో జేగురు గుర్రం ఉంది, అదే చుక్క, అదే ఎత్తు. దాని మెడ ఎడమ పక్క అగ్గిపెట్టంత చోట వెంట్రుకలు ఇంకా పొట్టిగా, గరుగ్గా ఉన్నాయి. లాయంలో గుర్రాన్ని ముఖం చూసి గుర్తుపట్టేది మేస్త్రి ఒక్కడే. మిగతా అందరికీ తలుపు మీద పలకే గుర్రం. రెండు పలకలు ఒక అరగంట అటూ ఇటూ మారిస్తే చాలు.

గురువారం పొద్దున మేస్త్రి కళ్ళజోడు పెట్టుకుని వెతికింది ఈ గొరిగిన చోటునే. అల్లుడి మీద అరిచి ఇంటికెళ్ళాక అనుమానం పుట్టి ఉంటుంది. తనకి కనిపించనిది చూడటానికి ఎడమ పక్కకి, అంటే చువ్వల వైపుకి వెళ్ళాడు. అవతల రాత్రికి రాత్రి తెచ్చి కట్టిన, ఎదకొచ్చిన ఆడగుర్రం. దానికీ దీనికీ మధ్య ఒక ముసలాయన. అల్లుడు చెప్పింది నిజమని తెలుసుకుని, ఆ మాట అల్లుడితో చెప్పే వ్యవధి కూడా లేకుండా పోయాడు ఆ మనిషి.

*

"మళ్ళీ పరీక్ష చెయ్యాలంటే ఎంతసేపు?"

గంట పడుతుందంది డాక్టరమ్మ. ఆడగుర్రాల కోసం ఉంచుకునే ఇంజెక్షను ఒకటి ఆమె పెట్టెలో ఉంది. ముందు ఒక ట్యూబు రక్తం తీసి, ఆ ఇంజెక్షను ఇచ్చి, గంట ఆగి మరో ట్యూబు తీయాలి. లోపల ఎక్కడ దాక్కున్నా సరే, విత్తనేది ఉంటే ఆ మందుకి ఉలిక్కిపడి మగ హార్మోను వదులుతుంది. లేకపోతే రెండు ట్యూబులూ ఒకేలా ఉంటాయి. ఇప్పుడు గుర్రం మారిందని తేలింది కాబట్టి, ఆ రెండో ట్యూబు తప్ప ఇంకేదీ కోర్టులో నిలబడదు.

మెడ గొరిగి మొదటి ట్యూబు తీసి ఇంజెక్షను ఇచ్చేసరికి తొమ్మిదీ యాభై అయిదు. డిటెక్టివ్ పుస్తకంలో పదీ యాభై అయిదు అని రాసి, దాని చుట్టూ సున్నా చుట్టాడు.

లారీ పదిన్నరకే వచ్చింది. దాని వెనకే పోలీసు జీపు.

ఇన్‌స్పెక్టర్ దిగి, బావ ముఖం చూడకుండా తిన్నగా ఏడో గది దగ్గరికి నడిచాడు. జేబులోంచి చక్కెర బిళ్ళ తీసి అరచేతిలో పెట్టి సన్యాసికి చూపించాడు. అది పెదవులతో మెత్తగా అందుకుంది. హత్య కేసు నడుపుతున్నవాడు గుర్రానికి చక్కెర తినిపించడం డిటెక్టివ్‌కి వింతగానే తోచింది. తోచినదాన్ని రాసుకోలేదు. ఆ తర్వాత చాలాకాలం తనని తాను తిట్టుకున్నది దానికే.

"ఎక్కించండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ లారీవాళ్ళతో.

డిటెక్టివ్ దారికి అడ్డంగా నిలబడ్డాడు. కళ్ళజోడు చూపించాడు, నాలుగో గుర్రం మెడ చూపించాడు, పలక మీద రాత చూపించాడు. బావమరిది అన్నీ విన్నాడు, గోడకున్న బల్లితో మాట్లాడుతున్నట్టు జవాబిచ్చాడు. వెంట్రుకలు సాక్ష్యం చెప్పవన్నాడు. ల్యాబు కాగితం ఒకటుంది, దాని మీద ముద్ర ఉందన్నాడు. గుర్రం మీద తనకి పనిలేదని గురువారమే రాసిచ్చేశానన్నాడు.

"నీకు ఉద్యోగం లేదు కదా అని ఊళ్ళోవాళ్ళ ఉద్యోగాలన్నీ చేస్తానంటే ఎలా బావా? పక్కకి జరుగు."

పదీ నలభై ఒకటి. గదిలో డాక్టరమ్మ గుర్రం పక్కన నిలబడి, ఖాళీ ట్యూబు గుప్పిట్లో దాచుకుని డిటెక్టివ్ వైపే చూస్తోంది. ఇంకా పద్నాలుగు నిమిషాలు. లారీవాళ్ళు కొత్త ఊదారంగు పగ్గం పట్టుకుని తలుపు గడియ మీద చెయ్యేశారు.

ఈ మనిషిని బలంతో ఆపలేడు. చట్టంతో అసలే ఆపలేడు. బావమరిదిని నిలబెట్టే మాట లోకంలో ఒక్కటే ఉంది. అది ఎవరికీ చెప్పనని ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని భార్య చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

"మీ అక్క ఆపరేషను ఎందుకు ఆలస్యమైందో నీకు తెలుసా?" అన్నాడు డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టర్ లారీవాళ్ళకి చేత్తో ఆగమని సైగ చేశాడు. "నువ్వా అడిగేది? అక్క పోయిన రోజు పొద్దుట్నుంచి నలభైసార్లు ఫోన్ చేశాను. అక్క నిన్ను అడుగుతోంది, అడుగుతోంది అని ఆసుపత్రి నుంచి నలభైసార్లు. ఎత్తావా? ఎవడో దొంగని పట్టుకోవడానికి కాపు కాస్తున్నానని ఫోన్ ఆపేసి కూర్చున్నావు. నువ్వు అక్క పేరెత్తకు."

"ఎత్తలేదు. నిజమే. ఆ పాపం నాదే." డిటెక్టివ్ వాచీ చూసుకున్నాడు, పదీ నలభై నాలుగు. "డాక్టరు వెంటనే కోయాలన్నాడు. మీ అక్క ఆరు వారాలు ఆగుతానంది. నేను బతిమాలాను, వినలేదు. ఎందుకాగిందో అడుగు."

ఇన్‌స్పెక్టర్ అడగలేదు. కానీ కదల్లేదు.

"నీ ప్రమోషను. తమ్ముడు స్టార్లు పెట్టుకునే రోజున నేను మంచం మీద ఉంటే వాడు ఆ ఫంక్షనే మానేస్తాడు, అది అయ్యాక చేయించుకుంటానంది. ఆ రోజు నీ పక్కన నవ్వుతూ ఫొటో దిగింది చూడు, అప్పటికే లోపలంతా పాకిపోయింది. నీకు చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుంది."

ఆ తర్వాత ఇద్దరి మధ్యా ఏం జరిగిందో చెప్పుకోవడానికి పెద్దగా లేదు. ఇన్‌స్పెక్టర్ అబద్ధమన్నాడు. డిటెక్టివ్ డాక్టరు పేరూ, తారీకులూ చెప్పాడు. మళ్ళీ అబద్ధమన్నాడు, ఈసారి గొంతులో బలం లేదు. తర్వాత పక్కనున్న నీళ్ళ తొట్టి అంచు పట్టుకుని, దానిలోకి చూస్తూ నిలబడిపోయాడు. లారీవాళ్ళు బీడీలు వెలిగించుకున్నారు. పది నిమిషాలు ఎవరూ కదల్లేదు. చనిపోయిన భార్యకిచ్చిన మాట అమ్ముకుని, ఒక ట్యూబు రక్తం కొనుక్కున్నానని డిటెక్టివ్‌కి తెలుసు. తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా వాచీ చూసుకోవడం మానలేదు.

పదీ యాభై ఆరుకి డాక్టరమ్మ గదిలోంచి బయటికొచ్చి, డిటెక్టివ్ పక్కనుంచి నడిచి వెళ్ళిపోయింది. ఆమె చెయ్యి తెల్లకోటు జేబులో ఉంది.

ఇన్‌స్పెక్టర్ తల ఎత్తాడు. "ఇందుకేనా? ఇంతసేపూ ఇందుకేనా బావా?"

డిటెక్టివ్ జేబు పుస్తకం తీసి, సున్నా చుట్టిన సమయం మీద గీత కొట్టాడు.

"ఇవాళ్టి నుంచి నువ్వు చచ్చావని కబురొచ్చినా నేను ఫోన్ ఎత్తను," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా. జేబులోంచి ఫోన్ తీసి, అక్కడే, అతని కళ్ళ ముందే ఏదో నొక్కి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఊదారంగు పగ్గంతో సన్యాసి లారీ ఎక్కింది. పిల్లిలా ఎక్కింది, ఎవరినీ ఏమీ అనలేదు.

*

పదకొండున్నరకి డిటెక్టివ్ యజమానురాలి ఎదుట కూర్చున్నాడు. ఆమె టీ పోసి ఇచ్చింది, అతను తాగలేదు. పలకలు మార్చారా అంటే నవ్వింది. ఆడగుర్రం పేరు రాసిన చేతిరాత మీదేనా అంటే, నా లాయంలో నేను రాసుకోకూడదా అంది. పిల్లలు స్వారీ నేర్చుకునే లాయంలో మగగుర్రం ఉంటే లైసెన్సు రద్దవుతుంది కదా అంటే మాత్రం కప్పు కింద పెట్టింది.

"మేస్త్రికి అనుమానం తీరలేదని మీకెప్పుడు తెలిసింది?"

"బుధవారం సాయంత్రం," అని నోరు జారి, వెంటనే సర్దుకుంది. "ఆయనకి అన్నీ అనుమానాలేనండీ. మంచివాడే పాపం."

బుధవారం సాయంత్రమే ఆడగుర్రం గది మారింది. ఎవరికి అమ్మారు సన్యాసిని అని అడిగాడు. అమ్మలేదు, ఇచ్చాను, తీసుకున్నవాళ్ళు పేరు చెప్పొద్దన్నారు అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళలో ఒక ధైర్యం కనిపించింది. ఎవరి నీడలోనో నిలబడినవాళ్ళకుండే ధైర్యం అది.

రెండూ పదికి ల్యాబు పెద్దాయన ఫోన్ చేశాడు. డిటెక్టివ్‌కి ఇరవై ఏళ్ళ పరిచయం, భోజనం మానేసి కూర్చున్నాడు పాపం. మొదటి ట్యూబులోనే విత్తులు తీసిన గుర్రానికి ఉండాల్సినదానికి పదింతలుంది. రెండోదాంట్లో దానికి మూడింతలు. సందేహమే లేదు, లోపల ఒకటి బతికే ఉంది, రాసి సంతకం పెట్టి లాయరుకి పంపించేశానన్నాడు.

మేస్త్రి కూతురు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. డిటెక్టివ్ చెప్పింది విని, వేలికి చుట్టుకున్న కొంగు విప్పుకుంది.

"నాన్న చివరికి ఆయన మాట నమ్మాడన్నమాట," అంది.

"నమ్మబట్టే ఆ గదిలోకి వెళ్ళాడమ్మా."

ఆ అమ్మాయి లేచి, కళ్ళజోడు అడిగి తీసుకుని, కోర్టుకి పరుగెత్తింది. మూడింటికి మొగుడి పక్కన నిలబడటానికి ఆమెకి టైముంది. చాలా రోజుల తర్వాత ఒక పని సరిగా చేశానని డిటెక్టివ్ అనుకున్నాడు. ఆ అనుకోవడం రెండు నిమిషాలు కూడా నిలవలేదు.

ఇక కావలసింది గుర్రం. ఎక్కడుందో తెలిస్తే స్వాధీనం చేసుకోమని కోర్టుని అడగొచ్చు. లారీలో గుర్రాన్ని తరలించాలంటే డాక్టరు ఆరోగ్య పత్రం కావాలి కదా, ఎక్కడికని రాశారని డాక్టరమ్మని అడిగాడు. పొద్దున ఎనిమిదింటికి యజమానురాలు చెబుతుంటే రాసి సంతకం పెట్టానంటూ ఆమె కార్బను కాపీ వెతికి తెచ్చింది.

చేరాల్సిన చోటు దగ్గర మనిషి పేరు లేదు, ఇంటి నంబరూ వీధీ మాత్రమే ఉన్నాయి. వాటిని డిటెక్టివ్ రెండుసార్లు చదవాల్సిన పనిలేదు. తను పెళ్ళిచూపులకి వెళ్ళింది ఆ ఇంటికే. బావమరిది ఇప్పుడు ఉంటున్నదీ ఆ ఇంట్లోనే. పెరట్లో చిన్న లాయం కట్టించాడు కూతురి కోసం. పదహారేళ్ళ పిల్ల, గుర్రాలంటే పిచ్చి. అత్త పోయాక తండ్రి వద్దన్నా చాటుగా మామయ్యకి కబుర్లు పంపిస్తూ ఉండేది ఆ పిల్లొక్కతే. తనకున్న ఒక్క గుర్రం గురించి పేజీలకి పేజీలు రాసేది. అది ఆడగుర్రం.

ఆ పిల్లకి ఊదారంగంటే ఇష్టం. చక్కెర బిళ్ళ. కొత్త పగ్గం. అరెస్టు అంత తొందరగా ఎందుకైందో, గుర్రం మీద పనిలేదని కాగితం ఎందుకు రాసిచ్చాడో ఇప్పుడు అర్థమైంది. లంచం తీసుకున్నాడు వెధవ. సాధు జంతువనుకుని, కాగితం చూసుకుని మరీ, కన్నకూతురికి తెచ్చుకున్నాడు.

డిటెక్టివ్ బావమరిదికి ఫోన్ చేశాడు. ఒక్కసారి మోగి కట్టయింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ అంతే. స్టేషనుకి చేస్తే, సారు ఒంటిగంటకే ఇంటికెళ్ళారు, ఇవాళ ఎవరు చేసినా ఇవ్వొద్దన్నారు, ముఖ్యంగా మీరు అన్నాడు అవతలివాడు. గుర్రం ప్రమాదమని చెప్పమంటే, చెబుతాలెండి అని పెట్టేశాడు. పిల్లకి చేశాడు. చివరిదాకా మోగి ఆగిపోయింది.

కారులో నలభై నిమిషాల దూరం. డాక్టరమ్మ అప్పటికే మత్తుమందు సీసాలు పెట్టెలో సర్దుకుంటోంది. ఇద్దరూ గేటు దాటుతుండగా అతని ఫోన్ కిర్రుమంది. పిల్ల దగ్గర్నుంచి ఒక ఫొటో. ఒక పక్క తన ఆడగుర్రం, ఒక పక్క నుదుట చుక్క ఉన్న జేగురు గుర్రం, మధ్యలో ఊదారంగు పగ్గం పట్టుకుని తను. జేగురు గుర్రం ఆడదాని వైపు మెడ సాచి, పై పెదవి ఎత్తి, పళ్ళన్నీ బయటపెట్టి ఉంది.

"నాన్న తెచ్చాడు మామయ్యా. చూడు ఎలా నవ్వుతున్నాడో. ఫోన్ లోపల పెట్టేసి ఎక్కబోతున్నా."

డిటెక్టివ్ బావమరిది నంబరు మళ్ళీ నొక్కాడు. ఒక్కసారి మోగి కట్టయింది. మళ్ళీ నొక్కాడు. నలభైసార్లు చేస్తే ఎలా ఉంటుందో అతనికి ఇప్పుడు తెలుస్తోంది.